పంటి ఇంప్లాంట్: నునుపుదా, గరుకుదా, తడిగా వచ్చేదా? ఎముక మానే తీరును బట్టి ఎంచుకోవడం

ఏడాది లోపలే మా ఇంట్లో ముగ్గురికి ఇంప్లాంట్లు, అంటే ఊడిన పన్ను చోట దవడ ఎముకలో బిగించే టైటానియం స్క్రూలు, వేయించాల్సి వచ్చింది. మా ఆవిడకి కింది దవడ పన్ను ఒకటి పోయింది. భీమిలిలో ఉండే మా అక్కకి పై దవడ పన్ను పోయింది, ఆవిడకి చాలా ఏళ్ళుగా షుగర్ ఉంది. మా బావగారికి చిగుళ్ళ జబ్బు వల్ల కింద ముందు పళ్ళు రెండు కదిలి కదిలి ఊడిపోయాయి.

మేం మొదట వెళ్ళిన క్లినిక్‌లో మూడు రేట్లున్న కార్డు ఒకటి చేతికిచ్చారు. రెండో రేటు మొదటిదానికి దాదాపు రెట్టింపు, మూడోది ఇంకా పైన. తేడా ఏమిటని అడిగితే "అది ఇంపోర్టెడ్ సార్, ఎముక తొందరగా పట్టేస్తుంది" అన్నారు. ఎంత తొందరగా పడుతుంది, ఎందుకు పడుతుంది, మా ఆవిడకి ఆ తొందర అవసరమా అని అడిగాను. జవాబు రాలేదు. ఒంట్లో జీవితాంతం ఉండాల్సిన వస్తువు అది. ఆ మాత్రం చెప్పకుండా అడ్వాన్స్ కట్టమనడం నాకు చాలా బాధ కలిగించింది. ఆ కార్డు తీసుకుని ఇంటికొచ్చేశాం.

ఆ కార్డు వెనక చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంది: శాండ్ బ్లాస్టెడ్, యాసిడ్ ఎచ్డ్. అంటే గట్టి రేణువుల్ని వేగంగా కొట్టి, ఆ తర్వాత యాసిడ్ పట్టించి గరుకు చేసినదని. విశాఖ సింధియాలో షిప్‌యార్డులో 30 ఏళ్ళు బ్లాస్టింగ్, పెయింటింగ్ పనిలో ఉన్నవాణ్ణి నేను. ఓడ ప్లేటు మీద రంగు నిలవాలంటే ముందు ప్లేటుని గరుకు చెయ్యాలి. నునుపు ఉక్కు మీద వేసిన రంగు రెండు వానలకే పొరలు పొరలుగా లేస్తుంది. ఇంప్లాంట్‌కి కూడా అదే పని చేస్తారని తెలిశాక నాకు నిద్ర పట్టలేదు. ఆ రోజు నుంచి చదివాను, ఇద్దరు ముగ్గురు డాక్టర్లని కూర్చోబెట్టి అడిగాను. నేను డాక్టర్ని కాను. ఇక్కడ రాసేది మీరు మీ డాక్టర్ గారిని సరైన ప్రశ్న అడగడానికి పనికొస్తే చాలు.

నాకు అర్థమైంది ముందే చెప్పేస్తాను. ఎముక గట్టిగా ఉండి, రెండు మూడు నెలలు ఆగగలిగితే, బ్లాస్ట్ చేసి యాసిడ్ పట్టించిన మామూలు గరుకు రకం చాలు. తడిగా, ద్రావణంలో వచ్చే ఖరీదైన రకం మొదటి నెలలో పనిని తొందర చేస్తుంది. ఎముక మెత్తగా ఉన్నవాళ్ళు, పన్ను త్వరగా కావాల్సినవాళ్ళు దాని గురించి ఆలోచించవచ్చు. చిగుళ్ళ జబ్బు వచ్చి పళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు మాత్రం ఇంప్లాంట్ ఒంటి గరుకు కంటే దాని మెడ నునుపు గురించి ఎక్కువ పట్టించుకోవాలి.

స్క్రూ బిగించాక ఎముకలో ఏం జరుగుతుంది

దవడలో రంధ్రం చేసి ఇంప్లాంట్ బిగించగానే అది గట్టిగా కూర్చుంటుంది. ఆ గట్టిదనం మర స్క్రూ చెక్కలో దిగినట్టు వచ్చిన పట్టు మాత్రమే. ఎముక ఇంకా దాన్ని తనదిగా చేసుకోలేదు. మర అంచుల దగ్గర నలిగిన పాత ఎముకని మన శరీరమే మెల్లగా కరిగించి తీసేస్తుంది. దాని చోట కొత్త ఎముక వస్తుంది. పాతది పోతూ కొత్తది ఇంకా పూర్తిగా రాని సమయం ఒకటి ఉంటుంది. సుమారుగా రెండో వారం నుంచి నాలుగో వారం దాకా. ఇంప్లాంట్ పట్టు అన్నిటికంటే తగ్గేది అప్పుడే.

ఇది చాలామందికి తెలియదు. మూడో వారానికి నొప్పి ఉండదు, వాపు ఉండదు. హాయిగా అనిపించి అటువైపు జంతికలు నమిలేస్తారు. డాక్టర్ గారు అటువైపు నమలద్దన్నది సరిగ్గా ఆ వారాల గురించే.

ఇప్పుడు గరుకు సంగతికి వద్దాం. రంధ్రంలో ఊరిన రక్తం మొదటి నిమిషాల్లోనే ఇంప్లాంట్‌ని తడుపుతుంది. రక్తం గడ్డకట్టి, ఫైబ్రిన్ అనే సన్నని నారల వల ఒకటి అల్లుకుంటుంది. కొత్త ఎముకని తయారుచేసే కణాలు ఆ వల పట్టుకునే ఇంప్లాంట్ వైపు పాకుతాయి. పాకేటప్పుడు ఆ నారల్ని లాగుతాయి. ఉపరితలం నునుపుగా ఉంటే ఆ లాగుడికి నార జారిపోతుంది. అప్పుడు కణాలు ఇంప్లాంట్ దాకా చేరలేవు, రంధ్రం గోడ దగ్గరే ఎముక మొదలై అక్కణ్ణించి మెల్లగా ఇంప్లాంట్ వైపు పెరుగుతూ రావాలి. ఉపరితలం గరుకుగా ఉంటే నార ఊడదు. కణాలు ఇంప్లాంట్ మీదికే ఎక్కి అక్కడే ఎముక మొదలుపెడతాయి. అంటే పని రెండు వైపుల నుంచి సాగుతుంది.

మా పెరట్లో సొర పాదుకి ఇనప పైపు పాతి చూడండి, తీగ జారిపోతూ ఉంటుంది. అదే పైపుకి కొబ్బరి తాడు చుట్టండి, వారంలో పందిరి ఎక్కేస్తుంది. నాకు ఈ విషయం ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేకపోయారు, ఆ పాదే చెప్పింది.

ఎంత గరుకు?

ఇంప్లాంట్లు మొదట నునుపువే. స్వీడన్‌లో పెర్ ఇంగ్వర్ బ్రోనెమార్క్ 1952లో కుందేలు ఎముకలో పెట్టిన టైటానియం గొట్టం ఎముకతో కలిసిపోయి ఊడి రాకపోవడం గమనించారు. 1965లో ఆయనే యోస్టా లార్సన్ అనే రోగికి కింది దవడలో మొదటిసారి టైటానియం ఇంప్లాంట్లు పెట్టారు. అవి లేత్ మీద తిప్పి తీసినవి, వేరే గరుకు పనేమీ చెయ్యనివి. లార్సన్ 2006లో చనిపోయేదాకా, అంటే 40 ఏళ్ళు, అవి పని చేశాయి. కాబట్టి నునుపు పట్టదని ఎవరైనా అంటే నమ్మకండి. పడుతుంది, కానీ టైం తీసుకుంటుంది. ఆ రోజుల్లో కింది దవడకి 3, 4 నెలలు, పై దవడకి 6 నెలల దాకా పన్ను పెట్టకుండా ఆగేవాళ్ళు. మెత్తటి ఎముకలోనూ, పొగ తాగేవాళ్ళలోనూ నునుపు రకం ఎక్కువసార్లు విఫలమయ్యేది. అందుకే ఇవాళ ఒంటి మొత్తం నునుపుగా ఉన్న ఇంప్లాంట్ దుకాణంలో దాదాపు దొరకదు.

ఆ తర్వాత అటు చివరికి వెళ్ళారు. కరిగిన టైటానియం పొడిని ప్లాస్మా మంటతో చిమ్మి దట్టమైన గరుకు పొర వేసే పద్ధతి వచ్చింది. ఎముక బాగానే పట్టింది. కానీ ఎముక అంచు కొంచెం దిగి ఆ గరుకు నోట్లోకి బయటపడితే పాచి అందులో చేరిపోయి, తీయడం ఎవరి వల్లా అయ్యేది కాదు. మాకు ఓడల దగ్గర ఇదే అనుభవం. గరుకు మరీ ఎక్కువైతే కొనలు రంగు పొరని దాటి బయటికి పొడుచుకొస్తాయి. తుప్పు మొదలయ్యేది ఆ కొనల దగ్గరే. మన ఊరి ఉప్పుగాలికి ఆ తుప్పు ఎంత వేగంగా పాకుతుందో గేటు ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు.

ఇంప్లాంట్ల విషయంలో ఈ మధ్యస్థాన్ని కొలిచి చెప్పింది స్వీడన్‌కే చెందిన థామస్ ఆల్‌బ్రెక్ట్‌సన్, ఆన్ వెన్నర్‌బెర్గ్. సగటు ఎత్తుపల్లాలు అర మైక్రాన్ కంటే తక్కువుంటే నునుపు. అర నుంచి 1 మైక్రాన్ దాకా కొద్ది గరుకు. 1 నుంచి 2 మైక్రాన్లు మధ్యరకం గరుకు. 2 దాటితే బాగా గరుకు. ఎముక అన్నిటికంటే బాగా స్పందించింది 1 నుంచి 2 మైక్రాన్ల మధ్యరకానికి. ఒక మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు. ఓడ ప్లేటుకి మేం 50 నుంచి 75 మైక్రాన్ల లోతు తెచ్చేవాళ్ళం. కొలిచే పద్ధతి కొంచెం వేరే అయినా, ఎముక కణానికి ఎంత సన్నని గరుకు చాలో ఈ లెక్కతో ఊహించుకోవచ్చు.

ఇక్కడ ఒక మాట. ఇంప్లాంట్ కాగితాల్లో 'ఎస్ఏ' అని ఉంటే అది ఈ సగటు ఎత్తుపల్లాల కొలత. మా షిప్‌యార్డులో 'ఎస్ఏ రెండున్నర' అంటే ప్లేటు ఎంత శుభ్రమైందో చెప్పే గ్రేడు. నేను మొదట ఈ రెండూ ఒకటే అనుకుని రెండు రోజులు తికమక పడ్డాను. ఉక్కు పనిలో ఉన్నవాళ్ళు మన ఊళ్ళో చాలామంది ఉన్నారు కాబట్టి చెబుతున్నాను.

బ్లాస్ట్ చేసి యాసిడ్ పట్టించినవి

ఇప్పుడు మార్కెట్లో సింహభాగం ఇవే. స్విట్జర్లాండ్ కంపెనీ స్ట్రామన్ 1990ల చివర్లో ఎస్ఎల్ఏ పేరుతో తెచ్చింది. కొరియా కంపెనీలు ఆస్టెమ్, డెంటియం మొదలుకుని చాలా కంపెనీలు ఇదే దారిలో తమ రకాలు చేశాయి. పావు మిల్లీమీటర్ నుంచి అర మిల్లీమీటర్ సైజు కురువిందం అనే గట్టి ఖనిజపు రేణువులతో బ్లాస్ట్ చేస్తారు. దాంతో పెద్ద గుంటలు పడతాయి. తర్వాత వేడి హైడ్రోక్లోరిక్, సల్ఫ్యూరిక్ యాసిడ్లలో ముంచుతారు. దాంతో ఆ పెద్ద గుంటల్లో 2 నుంచి 4 మైక్రాన్ల చిన్న గుంటలు తేలతాయి. పెద్ద గుంట ఎముకకి పట్టు, చిన్న గుంట కణానికి కూర్చునే చోటు.

1991లో స్విస్ డాక్టర్ డేనియల్ బూజర్ బృందం చిన్న జాతి పందుల ఎముకల్లో రకరకాల ఉపరితలాలు పెట్టి చూసినప్పుడు బ్లాస్ట్ చేసి యాసిడ్ పట్టించిన రకానికి ఎముక చాలా బాగా అంటుకుంది. దాంతో మామూలు ఎముకలో 6 వారాలకే పన్ను పెట్టవచ్చన్న దాకా వచ్చారు. అదే బూజర్ బృందం 2012లో పదేళ్ళ లెక్క బయటపెట్టింది. 303 మందిలో 511 ఇంప్లాంట్లు, పదేళ్ళకి 98.8 శాతం నోట్లోనే ఉన్నాయి. ఇంత కాలం, ఇంతమందిలో చూసి చెప్పిన లెక్క ఉన్న ఉపరితలం దొరుకుతున్నప్పుడు, నిన్న కాక మొన్న వచ్చిన పేరుకి ఎక్కువ డబ్బు పెట్టడానికి నాకు మనసు ఒప్పలేదు.

ఒక్క జాగ్రత్త. బ్లాస్టింగ్ అయ్యాక రేణువుల ముక్కలు లోహంలో గుచ్చుకుని మిగిలిపోతాయి. మేం గాలి కొట్టి, తుడిచి, మళ్ళీ వెలుగులో చూసి గానీ పెయింటర్‌కి అప్పజెప్పేవాళ్ళం కాదు. ఇంప్లాంట్‌కి ఆ శుభ్రత ఫ్యాక్టరీలోనే జరగాలి. గరుకు అందరూ చెయ్యగలరు, శుభ్రం చెయ్యడంలోనే కంపెనీ నాణ్యత తెలుస్తుంది. అందుకే తక్కువ రేటులో పేరు కూడా చెప్పని ఇంప్లాంట్ వద్దంటాను. తక్కువ రేటులో పేరున్నవి చాలానే ఉన్నాయి. కొన్ని కంపెనీలు కురువిందం బదులు కాల్షియం ఫాస్ఫేట్ రేణువులతో బ్లాస్ట్ చేస్తాయి. అవి మిగిలినా కరిగిపోతాయి కాబట్టి ఆ పద్ధతి వెనక ఆలోచన నాకు నచ్చింది.

తడిగా వచ్చేవి

మా అక్క కోసం నేను ఎక్కువ చదివింది దీని గురించే.

బ్లాస్ట్ చేసిన ఉక్కు ప్లేటుని మన విశాఖ గాలికి వదిలేస్తే కొన్ని గంటల్లోనే సన్నని తుప్పు తేలుతుంది. ఆ షిఫ్టులోనే మొదటి కోటు పడాలి. గాల్లో తేమ 85 శాతం దాటితే పనే ఆపేసేవాళ్ళం. టైటానియం తుప్పు పట్టదు. కానీ దానికీ ఒక రకం ముసలితనం ఉంది. ఫ్యాక్టరీలో అప్పుడే తయారైన టైటానియం మీద నీటి చుక్క వేస్తే పరుచుకుంటుంది. గాల్లో ఉన్న కొద్దీ కార్బన్ తాలూకు మురికి దాని మీద పట్టి, వారాలు గడిచేసరికి అదే చుక్క తామరాకు మీద నీళ్ళలా నిలబడుతుంది. రక్తం కూడా అంత బాగా తడపదు.

2005లో స్ట్రామన్ ఎస్ఎల్ యాక్టివ్ పేరుతో తెచ్చిన మార్పు ఇదే. యాసిడ్ పని అయ్యాక నైట్రోజన్ వాయువులో కడిగి, గాలి తగలనివ్వకుండా ఉప్పునీటి ద్రావణంలో మూసి పంపుతారు. గరుకు దాదాపు పాతదే, తడిసే గుణం కొత్తది. ఆస్టెమ్ వాళ్ళ సీఏ రకం కూడా ఆ దారిలోనిదే, బ్లాస్ట్ చేసి యాసిడ్ పట్టించిన ఇంప్లాంట్‌ని కాల్షియం ద్రావణంలో ఉంచి ఇస్తారు. ప్యాకెట్ తెరిచే దాకా తడిగానే ఉంటుంది.

మరి తేడా ఎంత? 2011లో వచ్చిన ఒక పరిశోధనలో స్వచ్ఛందంగా ముందుకొచ్చిన మనుషుల దవడ వెనక భాగంలో చిన్న ఇంప్లాంట్లు పెట్టి, కొన్ని వారాల తర్వాత చుట్టూ ఉన్న ఎముకతో సహా తీసి చూశారు. పొడి రకం, తడి రకం రెండూ పక్కపక్కన. 2 వారాలకి రెండిటి మధ్య తేడా కొంచెమే. 4 వారాలకి తడి రకం ఉపరితలంలో సుమారు 48 శాతానికి ఎముక అంటుకుంది, పొడి రకంలో 32 శాతానికి. 6 వారాలు వచ్చేసరికి రెండూ 62 శాతం దగ్గర సమానమైపోయాయి.

ఈ మూడు అంకెలు నేను మా అక్కకి ఫోన్లో చదివి వినిపించాను. "అంటే ఏంట్రా, డబ్బు ఎక్కువ పెడితే రెండు వారాలు కలిసొస్తాయి, అంతేనా?" అంది. దాదాపు అంతే. కానీ ఆ రెండు వారాలు ఎప్పుడొస్తాయో చూడండి. పాత పట్టు పోయి కొత్త పట్టు రాని ఆ బలహీనమైన నెలలోనే. మొదటి రోజే ఇంప్లాంట్ వదులుగా కూర్చున్న మెత్తటి ఎముకలో ఆ నెల గండం లాంటిది. అక్కడ ఆ రెండు వారాలకి విలువ ఉంది. గట్టి కింది దవడలో, మూడు నెలలు ఆగడానికి సిద్ధమైన మనిషికి వాటికి విలువ లేదు. ఒకే వస్తువు ఒకరికి అవసరం, ఇంకొకరికి దండగ. రేటు కార్డు ఈ మాట చెప్పదు.

మిగతా రకాలు, కొంచెం త్వరగా

విద్యుత్తు పంపి ఆక్సైడ్ పొరని మందంగా పెంచినవి ఉన్నాయి. నోబెల్ బయోకేర్ 2000లో తెచ్చిన టైయునైట్ వాటిలో పేరున్నది. ఎముక బాగా పడుతుంది, చాలా ఏళ్ళ అనుభవం ఉంది. కుక్కలపై చేసిన కొన్ని ప్రయోగాల్లో చిగురు జబ్బు ఎముకలోకి దిగాక ఈ రకం చుట్టూ జబ్బు ఎక్కువగా ముదిరింది. శుభ్రంగా ఉంచుకునే నోరున్నవాళ్ళకి ఇది భయపడాల్సిన విషయం కాదు, చిగుళ్ళ జబ్బు చరిత్ర ఉన్నవాళ్ళు మాత్రం అడిగి తెలుసుకోవాలి.

ఫ్లోరైడ్ తగిలించినవి ఇంకో రకం, 2004 నుంచి ఉన్నాయి, మంచివే. ఎముకలో ఉండే ఖనిజం లాంటి హైడ్రాక్సీ అపటైట్ పూత మందంగా వేసినవి ఒకప్పుడు బాగా అమ్ముడయ్యాయి. మొదట్లో ఎముక చాలా వేగంగా పట్టేది. ఏళ్ళు గడిచాక పూత లోహం నుంచి విడిపోవడం, కరగడం బయటపడింది. లోహాన్ని మార్చకుండా దాని మీద వేరే పదార్థం అతికిస్తే ఆ అతుకే బలహీనత అవుతుంది. 30 ఏళ్ళు రంగు పొరలు లేవడం చూసినవాడిగా ఈ విషయం నన్ను ఆశ్చర్యపరచలేదు. ఇప్పుడు వేసే అతి పలచటి కాల్షియం పొరలు వేరు, వాటిని దీనితో కలపకండి.

తెల్లటి జిర్కోనియా ఇంప్లాంట్లు చిగురు పలచగా ఉండి లోహం నీడ కనిపించే ముందు పళ్ళకి కొందరు తీసుకుంటారు. వాటినీ గరుకు చేస్తారు. టైటానియంకి ఉన్నంత సుదీర్ఘమైన అనుభవం వాటికి లేదు.

మెడ దగ్గరే అసలు ఆలోచన

బావగారి విషయంలో మేం దాదాపు పొరపాటు చేశాం. ఆయనకి కూడా "ఎముక తొందరగా పట్టేది" వేయిద్దామని నేనే పట్టుబట్టాను. ఒక పెద్ద డాక్టరమ్మ గారు ఆపారు. "బాబూ, మీ బావగారి కింద ముందు ఎముక రాయిలా ఉంది. అందులో ఏ గరుకు పెట్టినా పడుతుంది. ఆయనకి పళ్ళు పోయింది ఎముక పట్టక కాదు, పాచి వల్ల. అది ఇంప్లాంట్‌ని కూడా వదలదు" అన్నారు.

ఇంప్లాంట్‌లో ఎముక లోపలుండే ఒళ్ళు వేరు, చిగురు తాకే మెడ వేరు. ఒళ్ళు గరుకుగా ఉంటే మంచిది. మెడ గరుకుగా ఉండి, ఎముక అంచు కొంచెం తగ్గి అది బయటపడితే, పాచికి ఇల్లు కట్టించి ఇచ్చినట్టే. అందుకే కొన్ని ఇంప్లాంట్లకి ఒళ్ళు గరుకుగా, మెడ నునుపుగా ఉంచుతారు. స్ట్రామన్ టిష్యూ లెవెల్ రకంలో 1.8 లేదా 2.8 మిల్లీమీటర్ల నునుపు మెడ చిగురులో ఉంటుంది. ఇంకొన్ని కంపెనీలు ఒంటి పై భాగంలో మొదటి రెండు మూడు మిల్లీమీటర్లు లేత్ నునుపుతోనే వదిలేస్తాయి. బయోహొరైజన్స్ కంపెనీ మెడ మీద లేజర్‌తో 8 నుంచి 12 మైక్రాన్ల సన్నటి గాళ్ళు చెక్కుతుంది, చిగురు నారలు అందులో పట్టుకుని ఒక కట్టులా నిలుస్తాయని ఉద్దేశం.

నునుపు మెడకి నష్టం కూడా ఉంది. నునుపు భాగాన్ని ఎముక లోపలికి దించితే ఆ మేరకి ఎముక తరిగిపోతుంది. కాబట్టి ఎంత లోతుకి పెట్టాలో చెయ్యి తిరిగిన డాక్టరుకే తెలియాలి. నవ్వితే కనిపించే పై ముందు పంటికి లోహపు మెడ కనబడే ప్రమాదం ఉంది కాబట్టి అక్కడ వేరే ఆలోచన చెయ్యాల్సి వస్తుంది.

పొగ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. గరుకు ఉపరితలాలు వచ్చాక పొగ తాగేవాళ్ళకి కొంత మేలు జరిగింది, కానీ తాగనివాళ్ళతో సమానం కాలేదు. మన ఉత్తరాంధ్ర తీరంలో పెద్దవాళ్ళకి, ముఖ్యంగా ఆడవాళ్ళకి, అడ్డపొగ అలవాటు ఇంకా ఉంది. చుట్ట వెలిగించిన వైపు నోట్లో పెట్టుకోవడం. అలాంటి అలవాటున్న అమ్మకో నాయనమ్మకో ఇంప్లాంట్ అనుకునే ముందు నోటి పై అంగిలి ఒకసారి డాక్టర్ గారికి చూపించండి. ఆ వేడికి అంగిలిలో క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉంది. పన్ను తర్వాత చూసుకోవచ్చు.

మేం ముగ్గురికీ ఏం చేయించాం

మా ఆవిడకి స్కాన్‌లో కింది ఎముక గట్టిగా, సరిపడా వెడల్పుగా కనిపించింది. మామూలు బ్లాస్ట్, యాసిడ్ రకమే వేయించాం, మూడు రేట్లలో కింది రేటుకి దగ్గర్లోనే. బిగించేటప్పుడు టార్క్, అంటే స్క్రూ తిప్పడానికి పట్టే బలం, 35 న్యూటన్ సెంటీమీటర్లు దాటింది. పది వారాలకి క్యాప్ పెట్టారు. ఇప్పుడు అటువైపే చెరుకు ముక్క నములుతోంది, వద్దన్నా వినదు.

అక్కది అంత తేలిక కాలేదు. పై దవడ వెనక ఎముక అందరిలోనూ మెత్తగానే ఉంటుంది, స్పాంజిలా. దానికి తోడు మూడు నెలల షుగర్ పరీక్ష 8.6 వచ్చింది. ఖరీదైన తడి రకం అయినా సరే, ఇప్పుడే వెయ్యమని నేను అడిగాను. డాక్టర్ గారు ఒప్పుకోలేదు. రక్తంలో చక్కెర ఎక్కువున్నప్పుడు ఎముక కట్టే కణాలే నీరసిస్తాయి, ఎంత మంచి ఉపరితలం ఇచ్చినా దాని మీద పని చెయ్యాల్సింది ఆ కణాలే కదా అన్నారు. నాలుగు నెలలు పట్టింది అక్కకి దాన్ని 7.2కి తేవడానికి. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద నడక, రాత్రి అన్నం మానేసి పుల్కాలు. అప్పుడు తడి రకం వేశారు. మొదటి రోజు ఐఎస్‌క్యూ అనే కొలత 58 వచ్చింది. అది ఇంప్లాంట్ ఎంత గట్టిగా ఉందో చిన్న కంపనంతో చూసే కొలత, 100కి ఎంత అని చెబుతుంది. 60 లోపుంటే వదులు, 70 దాటితే గట్టి. 8 వారాలకి 66, మూడు నెలలు దాటాక 72. అప్పుడు గానీ క్యాప్ పెట్టలేదు. తడి రకం వేశాం కదా అని తొందరపడకపోవడమే ఆవిడ విషయంలో మంచి నిర్ణయమని నా నమ్మకం.

బావగారికి ముందు చిగుళ్ళ వైద్యం జరిగింది. చుట్ట మానడానికి ఆయన పడ్డ కష్టం నేను దగ్గరుండి చూశాను. ఆరు నెలలు చిగుళ్ళ నుంచి రక్తం రాకుండా ఉన్నాక నునుపు మెడ ఉన్న ఇంప్లాంట్ వేశారు. పళ్ళ సందుల్లో దూరే చిన్న బ్రష్ ఇప్పుడు ఆయన చొక్కా జేబులో పెన్ను పక్కనే ఉంటుంది. ఆరు నెలలకోసారి క్లీనింగ్‌కి తీసుకెళ్ళే బాధ్యత నాది.

వెళ్ళేముందు

మీకు చెప్పింది నమ్మకంగా అనిపించకపోతే రెండో చోట అడగండి. రుషికొండలో గీతం డెంటల్ కాలేజీ, సంగివలసలో అనిల్ నీరుకొండ డెంటల్ కాలేజీ ఉన్నాయి. బోధన జరిగే చోట ప్రశ్నలు అడిగితే విసుక్కోవడం తక్కువ.

అడగాల్సిన మాటలు ఎక్కువేం లేవు. నా ఎముక ఈ చోట గట్టిదా మెత్తదా, స్కాన్‌లో చూపించండి. ఈ ఇంప్లాంట్ ఉపరితలం ఏ రకం, మనుషుల్లో ఎన్నేళ్ళ లెక్క ఉంది. మెడ నునుపా గరుకా. ఖరీదైనది తీసుకుంటే నాకు ఎన్ని వారాలు కలిసొస్తాయి, ఆ వారాలు నాకు అవసరమా. బిస్‌ఫాస్ఫోనేట్ లాంటి ఎముకల మందులు వాడుతున్నా, దవడకి రేడియేషన్ తీసుకుని ఉన్నా ముందుగా చెప్పండి, అప్పుడు ఈ పోలిక అంతా పక్కన పెట్టి వేరే లెక్క వెయ్యాలి. కంపెనీ పేరు, మోడల్ మాత్రమే చెప్పి ఉపరితలం గురించి చెప్పలేకపోతే, ప్యాకెట్ మీద చూసి చెప్పమని అడగండి, అక్కడ రాసే ఉంటుంది.

ఇంప్లాంట్ ప్యాకెట్‌తో పాటు చిన్న స్టిక్కర్లు వస్తాయి. కంపెనీ, సైజు, లాట్ నంబర్ వాటి మీదే ఉంటాయి. ఒకటి క్లినిక్ ఫైల్లో అంటిస్తారు, ఇంకొకటి అడిగి తీసుకోండి. పదేళ్ళ తర్వాత క్యాప్ వదులైతే, ఊరు మారి వేరే డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సి వస్తే, ఏ స్క్రూడ్రైవర్ పడుతుందో ఆ స్టిక్కరే చెబుతుంది. మా ముగ్గురివీ మా ఆవిడ రేషన్ కార్డు కవర్లో, ఒక్కోదాని కింద పేరు రాసి దాచింది.